వేడి చేసిందనుకున్నాం

మందుల షాపులో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. తోటపల్లి గూడూరు దాటి రొయ్యల గుంటలకు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది మా షాపు. ఓనరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చిపోతారు. మిగతా సమయమంతా కౌంటరులో నేనే. ఆడమనిషి ఉంటుందని చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వేరే రెండు షాపులు దాటుకుని మా దగ్గరకే వస్తారు. ఈ సంగతి చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోను.

ఎవరు ఏ పని మీద వచ్చారో నాకు మనిషి వాలకం చూడగానే తెలిసేది. మగవాళ్ళు నిలబడి ఉంటే కొందరు ఆడవాళ్ళు పౌడరు డబ్బాల వైపు జరిగి, కొనేది లేని సబ్బు తీసి వాసన చూస్తూ ఉంటారు. షాపు ఖాళీ కాగానే దగ్గరకొచ్చి "వేడి చేసిందక్కా" అంటారు. మా వైపు నోరు పూసినా వేడే, కళ్ళు మండినా వేడే. కానీ ఆ మాట అంటూ చూపు పక్కకు తిప్పుకున్నారంటే అది ఆ వేడి కాదని అర్థం. తెల్లబట్ట అవుతోంది, దురదగా ఉంది, మంటగా ఉంది అని అర్థం. అవేవీ వాళ్ళు చెప్పరు, నేను అడగను. ఒక్క మాత్ర ఉండే అట్ట పాత పేపరులో చుట్టి చేతిలో పెట్టి, అన్నం తిన్నాక వేసుకోమంటాను. అడగకుండా ఇవ్వడమే నేను వాళ్ళకు చేసే మర్యాద అనుకునేదాన్ని. వాళ్ళు కూడా అలాగే అనుకున్నారు కాబట్టే మా షాపుకు వచ్చారు.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. పొద్దున్నే కంపెనీ వ్యాను వచ్చి ఊరి ఆడవాళ్ళను ఎక్కించుకు పోతుంది. షెడ్డులో పొడవాటి స్టీలు బల్ల ముందు నిలబడి, ఐసులో కలిపిన రొయ్యలను ఒకటొకటే తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తల పట్టి తిప్పితే అది ఊడి రావాలి. చూసేందుకు సులువు. నేనొక సెలవురోజు వెళ్ళి ప్రయత్నిస్తే గంటకే వేళ్ళు మొద్దుబారాయి. అక్క ఇరవై ఏళ్ళుగా అదే చేస్తోంది. కొత్తగా చేరిన ఆడపిల్లలను ఆమె పక్కనే నిలబెట్టేవాళ్ళు, చూసి నేర్చుకుంటారని. గ్లౌజులు ఇస్తారు గానీ, అవి వేసుకుంటే వేలికి రొయ్య తెలియదని అక్క తీసి పక్కన పెట్టేసేది. రొయ్య తలమీద ముల్లు ఉంటుంది. అది రోజుకు నాలుగైదుసార్లు గుచ్చుకుంటుంది. దాన్నెవరూ దెబ్బ కింద లెక్కపెట్టరు.

మొదటిసారి ఒక ఎండాకాలం వచ్చింది అక్క షాపుకు. ఆమె కూడా పౌడరు డబ్బాల దగ్గరే నిలబడింది. ఒక కడుపున పుట్టాం, ఒకే దుప్పటిలో పడుకుని పెరిగాం, అయినా అందరిలాగే నిలబడింది.

"ఏమే, వేడి చేసిందే నాకు" అంది.

"తడి బట్టలక్కా. పొద్దస్తమానం ఆ నీళ్ళలోనే ఉంటివి."

"అంతే అయ్యుంటది."

మాత్ర ఇచ్చాను. నాలుగు రోజులకు తగ్గిందని కబురు చేసింది. నాకు సంతోషమేసింది. మందు పనిచేస్తే షాపువాళ్ళకు డాక్టరైపోయినట్టు ఉంటుంది, ఆ జబ్బు నాకూ ఉంది.

కార్తీకం వానల్లో మళ్ళీ వచ్చింది. ఈసారి "అదే మళ్ళీ" అంది, అంతే. నేను అదే మళ్ళీ ఇచ్చాను. మాటల్లో మాటగా, షెడ్డు నుంచి క్లోరిన్ నీళ్ళు సీసాలో తెచ్చుకుని వారం రోజులుగా వాటితో కడుక్కుంటున్నానని చెప్పింది. షెడ్డులో పనికి దిగే ముందు ఆడవాళ్ళంతా చేతులు ఆ నీళ్ళలో ముంచుతారు.

"చేతులకుండే పురుగులు చస్తాయని గదా ఆడ ముంచమంటారు. ఈడ మాత్రం చావవా?" అని వాదించింది.

"మంటెత్తలేదా?"

"మంటెత్తినాది. మంటెత్తితే పనిచేస్తా ఉన్నట్టేలే అనుకున్నా."

నాకు ఒళ్ళు మండి తిట్టాను. తర్వాత తెలిసింది, షెడ్డులో ఆ సీసా పట్టుకెళ్ళేది మా అక్క ఒక్కతే కాదని. ఒకరికొకరు చెప్పుకున్నారు. దురద గురించి మాట్లాడుకోవడానికి సిగ్గు గానీ, కడుక్కునే నీళ్ళ గురించి మాట్లాడుకోవడానికి సిగ్గు లేదు.

ఆ తిట్టడంతో నా పని అయిపోయిందనుకున్నాను. రెండోసారి ఎందుకొచ్చిందని మాత్రం ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని కూడా లేనట్టు మా దగ్గర కారణాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి తడి బట్టలు. రెండోది ఒంట్లో వేడి. వేడికి మందు ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. సబ్జా గింజలు నానబెట్టి, నన్నారి షర్బత్తులో కలిపి చక్కెర వేసి తాగించడం. అక్క ఇంటికి ఆదివారం పూట వెళ్ళినప్పుడల్లా నేనే కలిపి ఇచ్చేదాన్ని. ఒక గ్లాసు తాగి ఇంకోటి అడిగేది. ఎండన పడి వచ్చిన మనిషికి దాహం కాక ఏముంటుందని మూడోది కూడా ఇచ్చేదాన్ని. నీరసంగా ఉంది, కాళ్ళు లాగుతున్నాయి అంటే మా షాపులో నుంచి గ్లూకోజు పొడి డబ్బాలు తీసుకెళ్ళాను. మనిషి బరువు తగ్గుతోంది. రాత్రిళ్ళు మూడు నాలుగుసార్లు ఒంటికి లేస్తోంది. ఒక్కొక్కటీ నా కళ్ళ ముందే ఉంది. చక్కెర నీళ్ళు కలిపి ఇచ్చిన చేతులు నావే.

సంక్రాంతి దాటాక మూడోసారి. వేసవి మొదట్లో నాలుగోసారి. ఆ నాలుగోసారి ఆమె షాపుకు రాలేదు, ఫోను చేసి వ్యాను డ్రైవరుకు ఇచ్చి పంపమంది. పంపాను. ఏం పొట్లమో అతనికి తెలియకుండా రెండు పేపర్లు చుట్టి మరీ పంపాను. అంత జాగ్రత్త.

ఆ రోజుల్లో అక్క వసారాలో చాప వేసుకుని వేరేగా పడుకునేది. బావ రొయ్యల గుంటల దగ్గర మోటార్లు చూసుకునే మనిషి, నెమ్మదస్తుడు. ఒకసారి నన్ను దారిలో ఆపి, "మీ అక్కకు నా మీద కోపం దేనికో నువ్వన్నా కనుక్కోమ్మా" అన్నాడు. ఆ మాట అక్కకు చెబితే ముఖం ముడుచుకుంది. మంట వల్లే దూరంగా ఉంటున్నానని ఆయనకు చెప్పలేనంది. చెబితే యాడ తెచ్చుకున్నావంటాడేమోనని భయం. అలా అనే మనిషి కాడని ఇద్దరికీ తెలుసు. అయినా నేను కూడా చెప్పొద్దులే అన్నాను.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు రొయ్య ముల్లు అక్క కుడిచేతి చూపుడువేలికి గుచ్చుకుంది. ఎప్పుడూ గుచ్చుకునేదే. మూడు రోజులకు వేలు వాచింది. పసుపు పెట్టింది, పనికి పోయింది. వారానికి వేలు నల్లబడి, వాపు మణికట్టు దాకా పాకి, చలిజ్వరం వచ్చింది. నొప్పి పెద్దగా లేదనేది. నొప్పి లేదంటే నయమేలే అనుకున్నాం. ఆ పొద్దు నేను వెళ్ళి కట్టు విప్పి చూసి, ఆ వాసనకు తల తిప్పుకున్నాను. బావ ఆటో తెచ్చాడు. నెల్లూరు పోయేదాకా అక్క చేయి నా ఒళ్ళోనే ఉంది.

ఆసుపత్రిలో నర్సు ఎడమచేతి వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగరు మీటరులో పెట్టింది. అలాంటి మీటర్లు నేను రోజూ అమ్ముతాను. దాని మీద అంకె రావాలి. అంకె రాలేదు. అంకెలు దాటిపోయినప్పుడు అది "హై" అని మాత్రం చూపిస్తుంది. నర్సు ఇంకో మీటరు తెచ్చింది. అదీ అదే చూపింది.

"షుగరు ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగింది.

"నాకు షుగరు లేదమ్మా" అంది అక్క.

కాసేపటికి ఒక డాక్టరమ్మ వచ్చారు. నడివయసు మనిషి, గొంతు మెల్లగా ఉంది గానీ ప్రశ్నలు ఆగలేదు. దాహం ఎక్కువా? ఎంతకాలంగా? బరువు తగ్గావా? రాత్రి ఎన్నిసార్లు లేస్తావు? కాళ్ళు తిమ్మిర్లా? అక్క అన్నిటికీ తల ఊపుతోంది. తర్వాత ఆమె బావను బయట కూర్చోమని పంపి, తెర లాగి, అదే గొంతుతో, "కింద దురద, మంట ఏమైనా వస్తున్నాయా?" అని అడిగారు.

అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"వస్తాంటదమ్మా" అంది చివరికి.

"తెల్లబట్ట ఎలా అవుతుంది? నీళ్ళలాగా, విరిగిన పాలలాగా?"

"విరిగిన పాలే."

"చెడు వాసన ఉంటుందా? పచ్చగానో, బూడిద రంగులోనో ఎప్పుడైనా అయిందా? పొత్తికడుపులో నొప్పి? పుండ్లు?"

"అయ్యేం లేవు. దురద, మంట, ఎర్రంగా అవతాది. ఒంటికి పోసుకునేటప్పుడు మంట."

"ఎన్నిసార్లు వచ్చింది?"

అక్క వేళ్ళు ముడవబోయింది. కుడిచేయి లేవలేదు. "నాలుగు సార్లు. ఏడాదిలో" అని నేను చెప్పాను. నాకు గుర్తే, నాలుగు పొట్లాలూ నేనే చుట్టాను.

"ఏ డాక్టరు చూశారు?"

అక్క మళ్ళీ నా వైపే చూసింది. డాక్టరమ్మ ఇంకోసారి అడిగారు. మందుల షాపులో పనిచేస్తానని, నేనే ఇచ్చానని చెప్పాను. ఆమె నన్ను తిడతారని ఎదురుచూశాను, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దూది పుల్లతో తెల్లబట్ట కొంచెం తీసి పరీక్షకు పంపి, చేయి తుడుచుకుంటూ మా ఇద్దరికీ కలిపి చెప్పారు.

"ఇది తప్పుడు పనులు చేస్తే వచ్చే జబ్బు కాదమ్మా, ఆ భయం పెట్టుకోవద్దు. దీన్ని తెచ్చే ఫంగస్ చాలామంది ఆడవాళ్ళ ఒంట్లో ఊరికే ఉంటుంది. యాంటీబయాటిక్‌లు వాడినా, కడుపుతో ఉన్నా పెరగొచ్చు. గాలాడని తడి బట్టల్లో పొద్దంతా ఉన్నా రావచ్చు. షుగరు లేని వాళ్ళకూ వస్తుంది, మందు వాడితే పోతుంది. కానీ మొదటిసారి వచ్చినప్పుడు అది అదేనో కాదో డాక్టరు చూడాలి, ఎందుకంటే దురదలన్నీ ఒకటి కాదు. వాసన ఉన్నా, రంగు మారినా, జ్వరమో కడుపునొప్పో ఉన్నా అది వేరే జబ్బు, దానికి ఈ మాత్ర పనిచేయదు. కడుపుతో ఉన్నవాళ్ళు అడగకుండా మాత్ర మింగకూడదు. పోయిన నెల పోయి ఈ నెల మళ్ళీ వచ్చిందంటే, ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెట్టిందంటే, లోపల ఏదో దాన్ని పెంచుతోందని అర్థం. షుగరు చూడాలి. నీకు ఒంట్లో చక్కెర అంత ఉంటే అది ఎందుకు పోతుంది? మాత్ర వేసినప్పుడల్లా కొంచెం తగ్గి, మళ్ళీ వచ్చింది."

క్లోరిన్ నీళ్ళ సంగతి అక్కే చెప్పేసింది. డాక్టరమ్మ కాసేపు కళ్ళు మూసుకుని, "మామూలు నీళ్ళు చాలు తల్లీ. సబ్బు కూడా లోపలికి వద్దు. చర్మాన్ని కాల్చుకుంటే దురద ఇంకా పెరుగుతుంది" అన్నారు.

"ఏలు ఉంటదా అమ్మా?" అని అడిగింది అక్క. ఇవన్నీ విన్నాక ఆమె అడిగిన మాట అదొక్కటే.

"చేయి నిలబెడదాం" అన్నారు డాక్టరమ్మ.

మర్నాడు చూపుడువేలు తీసేశారు. మొదలంటా తీసేశారు. చేయి నిలిచింది.

నేనిక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ మాత్ర ప్రతి డబ్బాలోనూ మడతలు మడతలుగా ఒక సన్న కాగితం ఉంటుంది. షాపులో చేరిన కొత్తలో, పని నేర్చుకోవాలన్న ఆత్రంలో, ఖాళీ దొరికినప్పుడల్లా అలాంటి కాగితాలన్నీ చదివాను. ఓనరును అడిగి అర్థం చేసుకున్నాను కూడా. డాక్టరమ్మ చెప్పినదాంట్లో చాలా భాగం అందులో ఉంది. గర్భిణులు, షుగరున్నవాళ్ళు, తిరగబెట్టినవాళ్ళు డాక్టరును కలవాలని ఉంది. నాకు తెలియనిది కాదు. తెలిసినదాన్ని అడిగే నోరు లేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళను అడగడానికి సిగ్గుపడ్డానంటే సరే. సొంత అక్కను, "విరిగిన పాలలా అవుతుందా, వాసన ఉందా" అని అడగలేకపోయాను. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేసేది అక్కడే.

వార్డులో ఐదోరోజు కట్టు మార్చాక, అక్క పైకి చూస్తూ పడుకుని, "ఇయ్యన్నీ నీకు తెలుసా మే?" అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. చదువు తక్కువదాన్ని, నాకేం తెలుసని అంటే నమ్మేది.

"తెలుసక్కా" అన్నాను.

"మరి చెప్పలా?"

"సిగ్గేసింది."

పక్క మంచం మీది ముసలామె దగ్గు వినపడుతోంది. అక్క "నాకూ సిగ్గే గదా" అని అటు తిరిగి పడుకుంది. నేను ఆమె వీపు చూస్తూ ఏడ్చాను. అక్క ఓదార్చలేదు, ఓదార్చమని అడిగే మొహమూ నాకు లేదు.

ఇంటికి వచ్చాక బావకు అంతా చెప్పింది. ఆయన విని, "ఇంతేనా? ఇంతదానికి సంవత్సరం వసారాలో పడుకున్నావా?" అన్నాడట. షుగరు అదుపులోకి వచ్చాక, డాక్టరమ్మ రాసిన మందు పూర్తిగా వాడాక, దురద మళ్ళీ రాలేదు. షెడ్డులో తలలు తీసే బల్ల దగ్గర ఇప్పుడు వేరే అమ్మాయి నిలబడుతోంది. అక్కను సైజుల వారీగా రొయ్యలు వేరుచేసే చోట పెట్టారు. గ్లౌజు తప్పకుండా వేసుకుంటుంది. ఆ ఒక్క వేలి తొడుగు లోపలికి మడిచి కుట్టుకుంది.

నేను షాపులో అడగడం మొదలుపెట్టాను. ఇది మొదటిసారా, ఈ ఏడాది ఎన్నోసారి, వాసన ఉందా, జ్వరమో కడుపునొప్పో ఉందా, కడుపుతో ఏమైనా ఉన్నావా, దాహం ఎక్కువైందా. మొదటిసారైనా, తిరగబెట్టినా డాక్టరు చీటీ లేకుండా మాత్ర ఇవ్వను, డాక్టరమ్మ దగ్గరకు పొమ్మంటాను. కొందరు చెబుతారు. కొందరు మొహం మాడ్చుకుని పక్క షాపుకు పోతారు, అక్కడ అడగకుండా ఇస్తారు. బేరం పాడుచేస్తున్నానని ఓనరు రెండుసార్లు గొణిగారు. షెడ్డు నుంచి వచ్చిన ఒకామె, "నువ్వు మంచిదానివనుకుంటే ఇట్టా గుచ్చి గుచ్చి అడగతావేందక్కా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక్కి పిలిచాను, రాలేదు. ఆమె ఏమైందో నాకు తెలియదు.

అక్క షుగరు మాత్రలు నేను తెచ్చి ఇస్తానని చెప్పి ఉంచాను. మొదటి నెల అయిపోయినా ఫోను రాలేదు. రెండో నెల నేనే స్ట్రిప్పులు తీసుకుని ఇంటికి వెళితే, గూట్లో అప్పటికే సర్కారు ఆసుపత్రి మాత్రలు ఉన్నాయి. వాటి కోసం సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, వరసలో నిలబడి తెచ్చుకుంటోంది.

"ఇంత తిప్పలెందుకక్కా, నేను లేనా? ఇంకా కోపమా నా మీద?" అన్నాను.

"కోపమేం లేదే" అంది. గ్లాసుతో నాకు మంచినీళ్ళు ఇస్తూ, చాలా మామూలుగా అంది. "నువ్వైతే మందిస్తావు. ఆడైతే అడగతారు."

నేను తెచ్చిన స్ట్రిప్పులు సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.